తోలుపై పాదం చెప్పిన తీర్పు

కొత్త చెప్పులు కొన్న వారందరికీ తెలిసిన అనుభవం ఒకటి ఉన్నది. మొదటి నాలుగు రోజులు చెప్పు కరుస్తుంది. మడమ దగ్గరనో, బొటనవ్రేలి ప్రక్కనో బొబ్బ లేస్తుంది. ఇంట్లో పెద్దవారు కాస్త ఆముదం రాసి ఉంచమంటారు. అదే దారికి వస్తుందని ధైర్యం చెబుతారు. నిజంగానే వారం పది రోజులలో ఆ చెప్పు కాలికి అమరుతుంది. అటుపిమ్మట అదే కొలత గల మరొకరి చెప్పులో పొరపాటున కాలు పెడితే, అది తనది కాదని కళ్ళు మూసుకొని కూడా చెప్పవచ్చును.

కరవడం, దారికి రావడం, అమరడం అనేవి శాస్త్రగ్రంథాలలోని మాటలు కావు. చెప్పు తొడుగుకొనేవారి మాటలు. అయినా తోలుకు గల ముఖ్యమైన ధర్మాలు ఈ మాటలలోనే దాగి ఉన్నవి. ఈ మాటల విలువను సరిగా తూచలేకపోయినందువలన ప్రపంచంలోని పెద్ద రసాయన సంస్థలలో ఒకటి 1971లో సుమారు 10 కోట్ల డాలర్లు నష్టపోయినదని అప్పటి పత్రికలు వ్రాసినవి. తోలును గూర్చి జనం ఏమనుకున్నారు, ఎందుకు అనుకున్నారు, ఆ అభిప్రాయంలో నిజమెంత, భ్రమ ఎంత అనే విషయాలు విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఒక ఆసక్తికరమైన అధ్యాయం.

ఐదు వేల ఏండ్ల నాటి ఎంపిక

1991లో ఆస్ట్రియా, ఇటలీ దేశాల సరిహద్దున ఆల్ప్స్ పర్వతాలలో మంచు క్రింద ఒక మనిషి శరీరం దొరికినది. అతడు సుమారు 5,300 ఏండ్ల క్రితం మరణించినవాడు. ఎట్జి అని పేరు పెట్టబడిన ఈ మంచుమనిషి ఒంటిమీది తోళ్ళను శాస్త్రజ్ఞులు పరీక్షించి, 2016లో ఆ ఫలితాలను ప్రకటించారు. టోపీ ఎలుగుబంటి తోలు. కాళ్ళ తొడుగులు మేకతోలు. పైకోటుకు మేకతోలు, గొర్రెతోలు కలిపి కుట్టినారు. పాదరక్షను బిగించిన పట్టీ మాత్రం పశువుల తోలు. పాదరక్షలలో వెచ్చదనానికై ఎండుగడ్డి కూరి ఉన్నది.

ఒకే మనిషి ఒంటిమీద ఇన్ని రకాల తోళ్ళు ఎందుకు? ఏ తోలు మెత్తగా వంగుతుందో, ఏది లాగుడుకు తట్టుకుంటుందో, ఏది చలిని ఆపుతుందో ఆ నాటివారికి తెలుసునన్న మాట. 2008లో ఆర్మీనియాలోని అరేని గుహలో దొరికిన పాదరక్ష దాదాపు 5,500 ఏండ్ల నాటిది. ఒకే ఒక గొడ్డుతోలు ముక్కను పాదం ఆకారానికి మడిచి, తోలు పట్టీతో బిగించినారు. ఆ పాదరక్ష ఆ మనిషి కాలికే అమరి ఉండాలి. కొలబద్దలు, ప్రయోగశాలలు లేని కాలంలో పరీక్ష చేసినది శరీరమే. తీర్పు చెప్పినదీ శరీరమే.

వగరులోని రహస్యం

పశువు ఒంటినుండి తీసిన పచ్చితోలు రెండు విధాల చెడుతుంది. తడిగా ఉంటే కుళ్ళుతుంది. ఎండితే రేకువలె బిగుసుకుపోతుంది. దానిని కుళ్ళకుండా, బిగియకుండా మార్చే పనినే తోలును పదును చేయడం అంటారు. పచ్చితోలులో నీటిని తీసివేయగా మిగిలే పదార్థంలో అధికభాగం కొల్లాజెన్ అనే ప్రోటీను. దీనిని నీళ్ళలో మరిగిస్తే కరిగి జెలటిన్ అవుతుంది. వడ్రంగులు వాడుతూ వచ్చిన తోలుబంక ఇదే.

పచ్చి జామపిందె కొరికితే నాలుక పట్టేస్తుంది. కరక్కాయ నమిలినా అంతే. ఈ వగరుకు కారణం టానిన్లనే పదార్థాలు. అవి లాలాజలంలోని ప్రోటీనులను పట్టి కట్టివేయడం వలన నోరు ఎండినట్లు తోస్తుంది. తుమ్మ, తంగేడు, ఓక్ వంటి చెట్ల పట్టలలో కూడా ఇవే ఉన్నవి. పట్ట కషాయంలో తోలును నానవేసినపుడు టానిన్లు లోనికి పాకి, కొల్లాజెన్ పోగులను ఒకదానితో ఒకటి బంధిస్తవి. ఆ తరువాత ఆ తోలును సూక్ష్మజీవులు అంత సులభంగా తినలేవు.

ఈ రహస్యాన్ని శ్రద్ధగా పరిశోధించిన తొలి రసాయనజ్ఞులలో ఇంగ్లండుకు చెందిన హంఫ్రీ డేవీ ఒకడు. 1803లో ఆయన రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసంలో వగరు గల అనేక వృక్షపదార్థాలను పోల్చి చూశాడు. వాటిలో ఒకటి మనవారు తాంబూలంలో వేసుకొనే కాచు. బొంబాయి నుండి, బెంగాలు నుండి వచ్చిన కాచులో టానిన్ పుష్కలంగా ఉన్నదని ఆయన కనుగొన్నాడు. 1805లో ఆయనకు ఆ సంస్థవారి కాప్లే పతకం లభించినది.

ఆ రోజులలో అడుగు అట్టకు వాడే మందపు తోలు ఓక్ పట్ట గుంటలలో ఏడాది, ఒక్కొక్కప్పుడు అంతకు మించి నానవలసి వచ్చేది. నెమ్మదిగా పదునైన తోలే మంచిదని కొనేవారు గట్టిగా నమ్మినారు. త్వరగా తయారైనదంటే అనుమానించేవారు. ఇది ఉత్త ఛాందసం కాదు. గాఢమైన కషాయంలో ఒక్కసారిగా వేస్తే తోలు పైపొర ముందుగా గట్టిపడి, లోపలికి టానిన్ పోకుండా అడ్డుకుంటుంది. అటువంటి తోలు వంచితే పగులుతుంది. కొనేవారికి కారణం తెలియదు, ఫలితం మాత్రం తెలుసు.

ఒక ఫిర్యాదు నుండి పుట్టిన తోలు

పందొమ్మిదవ శతాబ్ది చివరిలో ఈ పరిశ్రమ రూపమే మారిపోయినది. ఆ మార్పుకు ప్రేరణ పాదరక్షల నుండి గాక, దుస్తుల నుండి వచ్చినది. పాశ్చాత్య స్త్రీలు నడుము బిగించుకొనుటకు తొడిగే లోపలి ఉడుపులలో ఉక్కు బద్దలుండేవి. వాటికి తొడిగిన తెల్లని తోలును పటికతో, ఉప్పుతో పదును చేసేవారు. చెమట తగిలేసరికి ఆ లవణాలు ఉక్కును తుప్పు పట్టించేవి, బట్టపై మరకలు పడేవి. తుప్పు పట్టించని తోలు కావాలన్న కోరిక న్యూయార్కులో రంగుల వ్యాపారంలో పనిచేస్తున్న ఆగస్టస్ షుల్ట్జ్ అనే రసాయనజ్ఞుని వద్దకు చేరినది.

క్రోమియం లవణాలు తోలును పదును చేయగలవని జర్మనీకి చెందిన క్నాప్ 1858లోనే చెప్పి ఉన్నాడు. షుల్ట్జ్ తోలును మొదట డైక్రోమేట్ ద్రావణంలో ముంచి, తరువాత మరొక ద్రావణంలో దానిని క్షయకరణం చేసే పద్ధతికి 1884లో పేటెంటు పొందినాడు. 1893లో మార్టిన్ డెన్నిస్ ఒకే ద్రావణంతో పని ముగించే మార్గం చూపినాడు. ఏడాది పట్టే పని కొద్ది రోజులలో, తరువాత తరువాత కొద్ది గంటలలో ముగియసాగినది. పచ్చితోలు తడిగా ఉన్నప్పుడు సుమారు 60 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే ముడుచుకుపోతుంది. పట్టతో పదును చేసినది 70, 85 డిగ్రీల మధ్య ముడుచుకుంటుంది. బాగా తయారైన క్రోమ్ తోలు మరిగే నీటికి కూడా తట్టుకుంటుంది.

ఇంత గొప్ప తోలును జనం వెంటనే అన్నిటికీ అంగీకరించినారా? లేదు. బూటు పైభాగానికి అది మెత్తగా, తేలికగా ఉన్నదని మెచ్చుకున్నారు. అడుగు అట్టకు మాత్రం పనికిరాదన్నారు. తడిసిన నేలపై జారుతుంది, సాగుతుంది, పట్టతో చేసిన తోలువలె నిండుగా గట్టిగా ఉండదు. ఈ తీర్పు వలన పరిశ్రమ రెండుగా చీలినది. బూటు పైభాగానికి క్రోమ్, అడుగుకు, సంప్రదాయపు చెప్పులకు చెట్టుపట్ట అనే పద్ధతి స్థిరపడినది. కొల్హాపురి చెప్పులు నేటికీ వృక్షపదార్థాలతో పదును చేసిన తోలుతోనే తయారవుతున్నవి.

తంగేటి పట్ట, కిర్రు చెప్పులు

దక్షిణ భారతంలో ఈ కథకు మరొక పార్శ్వమున్నది. మన మెట్టనేలల్లో పచ్చని పూలతో కనిపించే తంగేడు పట్ట తోలుకు లేతరంగును, మెత్తదనాన్ని ఇస్తుంది. దీనితో పదును చేసి, కరక్కాయతో ముగింపు చేసిన మద్రాసు తోళ్ళు ఈస్టు ఇండియా కిప్స్ అనే పేరుతో ఐరోపాకు ఎగుమతి అయ్యేవి. 1903 ప్రాంతంలో మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ అనే ఇంజనీరు ప్రభుత్వ పక్షాన క్రోమ్ పద్ధతిని ప్రయోగించినాడు. ఆయన దృష్టి బూట్లపైనే గాక, బావుల నుండి నీరు తోడే తోలు బానలపై కూడా ఉన్నది. నిత్యం నీటిలో నానే బానకు కుళ్ళని తోలు కావాలి గదా! 1948లో మద్రాసులో కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ నెలకొన్నది. గుంటూరు జిల్లా యలవర్రులో 1922లో జన్మించిన యలవర్తి నాయుడమ్మగారు 1958 నుండి 1971 వరకు దానికి డైరెక్టరుగా ఉండి, ప్రయోగశాలకూ తోళ్ళ పనివారికీ మధ్య వారధి కట్టినారు.

పనివారిని గూర్చి చెప్పకుండా తోలు చరిత్ర పూర్తికాదు. తెలుగు గ్రామాలలో తరతరాలుగా ఈ పని చేసినవారు ప్రధానంగా మాదిగలు. చచ్చిన పశువును మోసుకుపోవడం, తోలు ఒలవడం, పట్టనీటిలో నానవేయడం, చెప్పులూ బానలూ డప్పులూ కట్టడం అన్నీ వారి చేతిమీదనే జరిగినవి. వారు కుట్టిన చెప్పును ఊరు తొడుక్కున్నది. కుట్టిన మనిషిని మాత్రం ఊరి బయట ఉంచినది. అనేక గ్రామాలలో దళితులు చెప్పులు తొడుక్కొని పెద్ద కులాలవారి వీధిలో నడువరాదన్న కట్టడి ఉండేది. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసినది. కనుక చెప్పును గూర్చిన అభిప్రాయంలో పాదం సుఖమొక్కటే లేదు. హోదా కూడా కలిసి ఉన్నది.

కిర్రు చెప్పులే దీనికి చక్కని ఉదాహరణ. నడుస్తుంటే కిర్రు కిర్రుమని చప్పుడు చేసే చెప్పులను దర్జాకు గుర్తుగా మెచ్చుకొనేవారుండిరి. ఆ చప్పుడుకు కారణం చాలా సామాన్యమైనది. ఒకదానిపై ఒకటి కుట్టిన పొడి తోలు పొరలు అడుగు పడినప్పుడల్లా రాసుకుంటవి. నూనె పట్టిస్తే పొరల మధ్య ఘర్షణ తగ్గి చప్పుడు అణగుతుంది. తోలు నాణ్యతకూ కిర్రుకూ నేరుగా సంబంధం లేదు. అభిప్రాయాలన్నీ నిజాలు కావని, ప్రతిదానినీ విడదీసి పరీక్షించవలెనని ఇది మనకు గుర్తు చేస్తుంది.

మూడు పురుల తాడు

మరి అమరడం అన్న మాట సంగతేమిటి? అది నిజమా, కిర్రువంటి ముచ్చటా? ఇందుకు సమాధానం కొల్లాజెన్ నిర్మాణంలో ఉన్నది. ఆ నిర్మాణం తేలినది కూడా మద్రాసులోనే. 1952లో మద్రాసు విశ్వవిద్యాలయానికి వచ్చిన బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జె. డి. బెర్నాల్ కొల్లాజెన్ నిర్మాణం ఇంకా తేలలేదని ప్రస్తావించినాడు. జి. ఎన్. రామచంద్రన్‌గారు ఆ సమస్యను చేపట్టినారు. ప్రక్కనే ఉన్న తోళ్ళ పరిశోధన సంస్థ నుండి కంగారూ తోకలోని స్నాయువు నమూనాగా లభించినది. గోపీనాథ్ కర్తాగారితో కలిసి ఎక్స్‌కిరణాల సహాయంతో దానిని పరిశీలించి, మూడు గొలుసులు ఒకదానినొకటి పెనవేసుకొన్న నిర్మాణాన్ని 1954లో సూచించినారు, 1955లో దానిని సరిదిద్దినారు.

మూడు పురులు పేనిన తాడును ఊహించుకుందాం. అటువంటి తాళ్ళు వేలకు వేలు కట్టలై, ఆ కట్టలు అన్ని దిక్కులకూ అల్లుకొని పోయినవి. బట్టలో పడుగు, పేక అని రెండే దిశలున్నవి. తోలులో అట్లు కాదు, పోగుకు మొదలూ తుదీ కానరాదు. ఈ అల్లికవలన మూడు ఫలితాలు కలుగుతవి. మొదటిది, పోగుల మధ్య ఖాళీలగుండా చెమట ఆవిరి బయటికి పోతుంది. రెండవది, కొల్లాజెన్‌కు నీటిపై ప్రీతి ఎక్కువ కనుక, తోలు తన బరువులో నాలుగో వంతుకు పైగా నీటి ఆవిరిని తనలో ఇముడ్చుకోగలదు. మూడవది, వేడి, తేమ, ఒత్తిడి కలిసినచోట పోగులు కొద్దిగా జరిగి, జరిగినచోటనే నిలిచిపోతవి. పాదం ఎముక ఉబ్బినచోట తోలు గుంటపడి అట్లే ఉండడమే అమరడం. ఆముదం పోగుల మధ్య కందెనవలె పనిచేసి ఈ కదలికకు తోడ్పడుతుంది. పెద్దలిచ్చిన సలహా సరియైనదే!

అరికాలిలోను, అరచేతిలోను చెమట గ్రంథులు ఒంటిలో మరెక్కడా లేనంత దట్టంగా ఉన్నవి. 1920 దశకంలో అమెరికాకు చెందిన తోళ్ళ రసాయనజ్ఞుడు జాన్ ఆర్థర్ విల్సన్ వంటివారు తోలు గుండా ఎంత ఆవిరి పోతుందో కొలవడం మొదలుపెట్టినారు. తోలు గాలి పీల్చుకుంటుందని జనం ఎప్పటినుండో అనుకొనే మాటకు ఈ విధంగా అంకెలు లభించినవి.

కార్ఫామ్ కథ

1950 దశకంలో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థవారు ఒక లెక్క వేసినారు. తోలు కోసం ఎవరూ పశువులను పెంచరు, అది మాంసపు పరిశ్రమకు ఉపఫలం. జనాభా, బూట్ల గిరాకీ పెరిగినంత వేగంగా తోళ్ళు పెరుగవు. కనుక ముందుముందు తోలుకు కొరత తప్పదు. నైలాన్‌ను లోకానికి ఇచ్చిన సంస్థ తోలును మాత్రం ఎందుకు తయారు చేయలేదు? అంతకు ముందున్న కృత్రిమ తోళ్ళు బట్టమీద పూసిన పూతలు మాత్రమే. వాటిగుండా ఆవిరి పోదు, కాలు ఉడికిపోతుంది. డ్యూపాంట్ రసాయనజ్ఞులు ఈ లోపాన్ని బాగా గుర్తించినారు. పాలియెస్టర్ పోగులను నేయకుండా సూదులతో గుచ్చి పరుపువలె చేసి, పైన కంటికి కనిపించని సూక్ష్మరంధ్రాలు గల పాలియురితేన్ పొర వేసినారు. దానికి కార్ఫామ్ అని పేరు పెట్టినారు.

ఈ పదార్థంతో వేలాది జతల బూట్లు కుట్టించి, పోలీసులకు, విద్యార్థులకు, గృహిణులకు ఇచ్చి తొడిగించి అభిప్రాయాలు సేకరించినారు. 1963లో షికాగో బూట్ల ప్రదర్శనలో దానిని లోకానికి చూపినారు. 1964లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో దానికి గొప్ప స్థానం లభించినది. టెన్నెసీ రాష్ట్రంలోని ఓల్డ్ హికరీలో దానికై కర్మాగారం నడిచినది. కార్ఫామ్ బూటుకు పాలిష్ అక్కరలేదు, తడిగుడ్డతో తుడిస్తే చాలును. వానకు చెడదు, ముడతలు పడదు, రూపు మారదు.

రూపు మారదన్న గొప్ప గుణమే దాని పాలిటి శాపమైనది. తోలు బూటు వారం రోజులు కరిచి, తరువాత కాలికి లొంగుతుంది. కార్ఫామ్ బూటు పగలంతా కొద్దిగా సాగి, రాత్రికి మళ్ళీ మొదటి ఆకారానికి వచ్చేది. పాలియెస్టర్, పాలియురితేన్‌ల స్థితిస్థాపకత అటువంటిది. మొదటి రోజు కరిచిన బూటు నూరవ రోజు కూడా అట్లే కరిచేది. కొలతకు సరిగా అమరిన కాళ్ళవారు మెచ్చుకున్నారు; కొంచెం తేడా ఉన్నవారు బాధపడినారు. మనుష్యుల పాదాలలో ఏ రెండూ ఒక తీరుగా ఉండవు గదా!

చెమట విషయంలో కూడా ఒక సూక్ష్మం మరుగున పడినది. ఆవిరిని బయటికి పోనిచ్చుట వేరు, తనలో ఇముడ్చుకొనుట వేరు. కార్ఫామ్‌కు మొదటి గుణం కొంత ఉన్నది, రెండవది దాదాపు లేదు. కాలు ఒక్కసారిగా ఎక్కువ చెమట పట్టినప్పుడు తోలు దానిని ఒత్తుడు కాగితంవలె పీల్చి, తీరికగా బయటికి విడుస్తుంది. రాత్రి బూటు విప్పిన తరువాత మిగిలిన తేమ ఆరిపోతుంది. కార్ఫామ్‌లో ఆ తేమ కాలిమీదనే నిలిచేది. దానితో కాలు వేడెక్కినదని తొడిగినవారు చెప్పినారు.

వీటికి తోడు ధర దెబ్బ తీసినది. కార్ఫామ్‌ను ఖరీదైన బూట్లకే ఇచ్చినారు. అంత డబ్బు పెట్టగలవారు అసలు తోలునే కోరినారు. అది పెట్టలేనివారికి ఆవిరి పోనీయని వినైల్ బూట్లు చాలా చవకగా దొరికినవి. కంటికి కార్ఫామ్‌కూ వినైల్‌కూ తేడా తెలియదు కనుక, రెండూ ఒకటే నకిలీ తోలని చాలమంది భావించినారు. స్త్రీల బూట్ల ఫ్యాషను ఏటేటా మారుతుండగా, ఏండ్ల తరబడి చెడనిదన్న ఆకర్షణ కూడా తగ్గిపోయినది. 1971లో డ్యూపాంట్ దాని ఉత్పత్తిని ఆపివేయనున్నట్లు ప్రకటించి, తయారీ హక్కులను పోలండుకు అమ్మివేసినది. నిగనిగలాడే బూట్లు కావలసిన సైనికులు, పోలీసులు మాత్రం ఆ తరువాత కూడా ఆ కోవకు చెందిన బూట్లను మెచ్చుతూ వచ్చినారు. వారికి మెరుపు ముఖ్యం, పాలిష్ శ్రమ తప్పడం ముఖ్యం.

ఈ వైఫల్యానికి కారణం రసాయనశాస్త్రం చేతగాకపోవడం కాదు. ఆ సంస్థ అభిప్రాయాలు సేకరించకపోలేదు కూడా. అధిక సంఖ్యాకులు బాగున్నదన్నారు; బాగాలేదన్న కొద్దిమంది మాటలో ఎంత లోతు ఉన్నదో అంచనా కట్టడంలో పొరపాటు జరిగినది. కాలు నొచ్చిన మనిషి ఆ బూటు మళ్ళీ కొనడు. ఇరుగుపొరుగుకు కూడా చెబుతాడు.

భుజానికి వేరొక తీర్పు

ఇదే కాలంలో దుస్తుల విషయంలో ఇందుకు విరుద్ధమైన ఫలితం వచ్చినది. 1970లో జపానుకు చెందిన టోరే సంస్థలో మియోషి ఒకామోటో అతిసన్నని కృత్రిమ పోగులతో నూగు గల మెత్తని తోలువంటి బట్టను తయారు చేశాడు. అమెరికాలో అల్ట్రాస్వేడ్ అనే పేరుతో అమ్మిన ఈ బట్టతో దుస్తుల రూపశిల్పి హాల్‌స్టన్ 1972లో రూపొందించిన స్త్రీల గౌను విశేష ఆదరణ పొందినది. కార్ఫామ్‌ను తిరస్కరించిన దేశమే దీనిని నెత్తిన పెట్టుకున్నది.

దీనిలో విరోధమేమీ లేదు. దుస్తుగా తోలుకు కొన్ని లోపాలు మొదటినుండి ఉన్నవి. అది బరువు. వానకు తడిస్తే మచ్చపడుతుంది, ఆరితే బిగుస్తుంది. ఇంట్లో ఉతుకరాదు. చలిగాలికి అడ్డుపడుతుంది కనుక తొలినాటి విమాన చోదకులు, మోటారుసైకిలు నడిపేవారు తోలుకోటును ఆదరించినారు. ఒరుసుకుపోయినప్పుడు అది చర్మాన్ని కాపాడుతుంది కూడా. విందుకు, ఆఫీసుకు తొడిగే దుస్తుకు ఆ బలం అక్కరలేదు. తేలికగా జారడం, ఉతకడానికి వీలుండడం కావాలి. భుజంమీద దుస్తు వ్రేలాడుతుంది, కాలిమీద బూటు బిగిసి ఉంటుంది. భుజానికి అమరడమనే గుణంతో పని తక్కువ. పాదానికి అదే సర్వస్వం. కనుక తోలు మంచిదా, కృత్రిమ పదార్థం మంచిదా అని గుండుగుత్తగా అడిగే ప్రశ్నకు సమాధానం లేదు. శరీరంలో ఏ భాగానికి, ఏ వాతావరణంలో, ఏ పనికి అని అడిగినప్పుడే సమాధానం దొరుకుతుంది. ఎండలు మండే మన ప్రాంతంలో తోలు చెప్పుగా రాణించినది గాని, చొక్కాగా ఏనాడూ రాణించలేదు.

పాదానికి తెలియని సంగతులు

పాదం మంచి న్యాయాధిపతియే. కాని అది తన ఎదుటికి వచ్చిన సాక్ష్యాన్నే విచారిస్తుంది. దూరాన జరిగినది దానికి తెలియదు. తమిళనాడులోని పాలారు నదీలోయలో వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట మొదలైన చోట్ల తోళ్ళ కార్ఖానాల మురుగునీరు బావులను, పొలాలను పాడుచేసినది. దీనిపై వేలూరు పౌరుల సంక్షేమ సంఘం వేసిన దావాలో సుప్రీంకోర్టు 1996లో చరిత్రాత్మకమైన తీర్పు నిచ్చి, కాలుష్యం చేసినవారే దాని మూల్యం చెల్లించవలెనని ఆదేశించినది. మెత్తని బూటు తొడిగిన కాలికి ఆ బావినీటి ఉప్పదనం తెలియదు. పదును చేయడానికి వాడే క్రోమియం మూడు సంయోజకతలది. తయారీలోగాని, నిలువలోగాని పొరపాటు జరిగితే తోలులోని కొంత క్రోమియం ఆరు సంయోజకతల రూపంలోనికి మారవచ్చును. అది చర్మానికి హాని చేస్తుంది. అందుచేత 2015 నుండి ఐరోపా సమాజంలో చర్మానికి తగిలే తోలువస్తువులలో ఈ రెండవ రూపం కిలోగ్రాముకు 3 మిల్లీగ్రాములు చేరరాదని నియమం ఉన్నది.

కృత్రిమమైనది కనుక నిర్దోషమని చెప్పడానికీ వీలులేదు. పాలియురితేన్ గాలిలోని తేమతో నెమ్మదిగా విచ్ఛిన్నమవుతుంది. వాడకుండా పెట్టెలో దాచిన బూటు అడుగు కొన్నేండ్లకు పొడిపొడిగా రాలడం, సంచి పైపూత పొరలుగా ఊడడం చాలమంది చూసినదే. ఈ పదార్థాలు మట్టిలో త్వరగా కలియవు కూడా. నేడు మొక్కల తోలు అనే పేరుతో అమ్మే అనేక వస్తువులలో ఇటువంటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. కొనేవానికి నిజం తెలియడం ముఖ్యం. ఐరోపాలో 1994 నాటి శాసనం ప్రకారం బూటు పైభాగం, లోపలి పొర, అడుగు దేనితో చేసినవో గుర్తులతో తెలుపవలెను. అందులో పరచిన తోలు ఆకారం గల గుర్తు తోలును సూచిస్తుంది.

తరగతిలో చేయదగిన పరీక్ష

ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని ఒక చిన్న ప్రయోగంతో మొదలుపెట్టవచ్చును. జెలటిన్‌ను వేడినీటిలో పలుచగా కరిగించి, చల్లారిన తరువాత దానిలో వడగట్టిన కరక్కాయ కషాయాన్ని కొద్దికొద్దిగా పోయాలి. తేటగా ఉన్న ద్రావణం మసకబారి, పెచ్చులుగా అడుగున చేరుతుంది. తోళ్ళ గుంటలో జరిగేదీ, కరక్కాయ నమిలిన నోటిలో జరిగేదీ స్థూలంగా ఇదే. తరువాత పాత చెప్పు తోలు ముక్కను, అంతే కొలత గల ప్లాస్టిక్ చెప్పు ముక్కను తూచి, తడి గుడ్డ పరచిన మూతగిన్నెలో గుడ్డకు తగలకుండా ఒక రోజు ఉంచి మళ్ళీ తూచాలి. బరువు దేనిలో ఎంత పెరిగినదో విద్యార్థులే లెక్క కడతారు.

అటుపిమ్మట వారిని తమ ఇంట్లో, వీధిలో అడిగి రమ్మనవచ్చును. ఏ చెప్పు సుఖంగా ఉన్నది, ఎందుకు, ఎన్ని రోజులు కరిచినది, వానలో ఏమైనది అని. వచ్చిన సమాధానాలలో కిర్రు చెప్పుల ముచ్చటలు కొన్ని ఉంటవి, కొలవదగిన సత్యాలు కొన్ని ఉంటవి. వాటిని వేరుచేయడమే శాస్త్రం చేయవలసిన పని. చెప్పు కరిచిందన్న మాటను చిన్నచూపు చూసినవారు 10 కోట్ల డాలర్లు పోగొట్టుకున్నారు. ఆ మాటను ఏనాటినుండో జాగ్రత్తగా విని, ఆముదం రాసి, అట్ట సరిచేసి ఇచ్చినవాడు మన ఊరి చెప్పులు కుట్టే మనిషి. అతడికి కొల్లాజెన్ పేరు తెలియకపోవచ్చును గాని, దాని స్వభావం బాగా తెలుసును.